బుగుమలో నాయిన

పోర్ట్ హార్కోర్ట్, నైజీరియా
12 ఫిబ్రవరి 1956

అక్కకు తమ్ముడు యతిరాజులు నమస్కరించి రాసేది. ఈ జాబు అమ్మకు కూడా చదివి వినిపించు.

నన్ను లేగోస్ నుంచి ఈ రేవు ఊరికి మార్చారు. మా సింధీ సేటు ఇక్కడ కొత్తగా బట్టల కొట్టు తెరిచాడు. మద్రాసు సరుకు తెలిసినవాడు కావాలన్నాడట, నన్ను పడవెక్కించారు. మద్రాసు సరుకు గురించి నాకేం తెలుసు? చింతాద్రిపేటలో పుట్టాను, అంతే.

కొట్టు పైనే నా గది. రేకుల కప్పు. వాన పడితే పక్కనున్నవాడి మాట వినపడదు. బియ్యం దొరుకుతాయి, పప్పు దొరకదు. నిమ్మకాయ ఊరగాయ అయిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే పంపు, కానీ ఎవరొస్తారు ఇటు?

నవ్వొచ్చే సంగతి ఒకటి. ఇక్కడికి బేరానికి వచ్చే ఆడవాళ్ళు మన మూర్ మార్కెట్ వాళ్ళను మించినవాళ్ళు. గళ్ళ రుమాలు గుడ్డ తీసి ముందు పెడితే రంగు చూడరు, నేత చూడరు. మడత విప్పి మొహానికి ఆనించుకుని వాసన చూస్తారు, కుక్కలు గిన్నెలో మూతి పెట్టినట్టు. నచ్చకపోతే మొహం తిప్పేస్తారు. "ఇది నిజంది కాదు" అంటారు. అట్లా వాసన చూసే ఆవిడ ఒకతి, బోమ అని, వారానికొకసారి వచ్చి నా ప్రాణం తీస్తుంది.

ఆ గుడ్డ ఏదో చెప్పనా? నాయిన నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టి నేర్పాలని చూశాడే, ఆ ఎర్ర గళ్ళ గుడ్డే. దాన్ని వదిలించుకోవాలని సముద్రాలు దాటాను. అది నాకంటే ముందే వచ్చి ఇక్కడ బల్ల మీద కూర్చుంది.

అమ్మ మోకాలు ఎట్లా ఉంది?

తమ్ముడు,
యతిరాజులు

---

చింతాద్రిపేట, మద్రాసు
9 మార్చి 1956

చిరంజీవి రాజుకు అక్క అలమేలు ఆశీస్సులు.

నీ జాబు అమ్మకు చదివాను. కుక్కల మాట మాత్రం చదవలేదు. అట్లా రాయకు. వాళ్ళు వాసన చూడడంలో తప్పేముంది? నువ్వులనూనె, పసుపు, నీలిరంగు కలిసిన వాసన అది. మన ఇంట్లో పుట్టినవాళ్ళకు తెలియదు, ఎప్పుడూ అందులోనే ఉంటాం గనక. మిషను గుడ్డకు ఆ వాసన రాదు. వాళ్ళు అడిగే ఇంజిరి మనలాంటి ఇళ్ళలో నేసింది. వాసన చూడకుండా ఎట్లా కనుక్కుంటారు?

అమ్మ మోకాలు అట్లాగే ఉంది. మన వీధిలో మగ్గాలు రెండే మిగిలాయి. పక్కింటి పిల్లలను తెలుగులో పలకరిస్తే అరవంలో జవాబు చెబుతున్నారు. రాష్ట్రాలు విడగొట్టాక మనల్ని చూసి "మీ ఊరు ఏది" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఈడే పుట్టినాం, ఈడే ఉండామని అమ్మ చెబుతూ ఉంటుంది. నాకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు తగ్గించారు.

ఆ బోమ అనే ఆవిడది ఏ ఊరు? మీ రేవుకు దగ్గర్లో, ఉప్పునీటి కాలవల మధ్య, బుగుమ అనే ఊరు ఉందా? ఎంత దూరం ఉంటుంది? తోచక అడుగుతున్నాను.

ఒంట్లో జాగ్రత్త.

అక్క,
అలమేలు

---

పోర్ట్ హార్కోర్ట్
15 ఏప్రిల్ 1956

అక్కా,

ఎక్కువ రాయలేను. చలిజ్వరం వచ్చి మంచం పట్టాను. సేటు మందు పంపాడు గాని మనిషిని పంపలేదు. ఆ బోమే రోజూ మెట్లెక్కి వచ్చి మిరియాల చారులాంటిది పోసి, తాగేదాకా కదలకుండా నిలబడింది. "నువ్వు చస్తే నాకు నిజమైన గుడ్డ ఎవరమ్ముతారు" అంది. ఇన్నాళ్ళూ నేను ఆమెతో మాట్లాడిన తీరు తలచుకుంటే సిగ్గేసింది. నువ్వు తిట్టింది సబబే.

బోమది బుగుమే. పొద్దున్నే లాంచి ఎక్కితే మధ్యాహ్నానికి చేరతారట.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. "ఇంజిరి" అని రాశావు. ఇక్కడివాళ్ళు ఆ గుడ్డను అట్లాగే పిలుస్తారు. కానీ ఆ మాట నేను నీకు ఎప్పుడూ రాయలేదు. నా పాత జాబుల చిత్తులు కూడా వెతికాను. సేటు బిల్లుల మీద కూడా ఉండదు. ఆ మాట నీకెట్లా తెలుసు? బుగుమ పేరు ఎట్లా తెలుసు?

యతిరాజులు

---

చింతాద్రిపేట
6 మే 1956

రాజూ,

జ్వరం సంగతి విని అమ్మ రెండు పూటలు తినలేదు. ఇప్పుడు తగ్గిందా? బోమకు మా ఇద్దరి దండాలు చెప్పు.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతాను. యుద్ధం ఆఖర్లో నేను ఆవడి మిలిటరీ ఆసుపత్రిలో నర్సుగా పనిచేశాను గదా. అప్పుడు నువ్వు స్కూల్లో చదువుతున్నావు. బర్మాలో పోరాడి వచ్చిన ఆఫ్రికా సైన్యాన్ని ఓడలు దొరికేదాకా మన వైపే ఉంచారు. వాళ్ళలో జబ్బుపడినవాళ్ళు మా వార్డుకు వచ్చేవారు. అట్లా వచ్చినవాడు దగోగో. బుగుమ వాడు. ఊపిరితిత్తుల జబ్బు. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. మిషన్ బడిలో చదువుకున్నాడు, ఇంగ్లీషు నాకంటే శుభ్రంగా మాట్లాడేవాడు. కానీ మాట్లాడడమే తక్కువ. గోడవైపు తిరిగి పడుకునేవాడు. తిండి తినేవాడు కాదు.

ఒకరోజు నేను ఇంటి నుంచి టిఫిన్ మూట కట్టుకుని పోయాను. మూట కట్టిన గుడ్డ నాయిన మగ్గం మీద చివర మిగిలిన ముక్క. బల్ల మీద పెట్టి ఎవరో పిలిస్తే వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే అతను మంచం దిగి, ఆ మూటను రెండు చేతులతో పట్టుకుని మొహానికి ఆనించుకుని ఉన్నాడు. టిఫిన్ కోసమని అనుకున్నాను. "సిస్టర్, ఇది మా ఇంటి వాసన" అన్నాడు. వాళ్ళమ్మ ఈ గుడ్డే కట్టేదట. తనను వీపున మోసింది ఈ గుడ్డతోనేనట. ఆ రోజు నుంచి తినడం మొదలుపెట్టాడు. ఆ మాట, ఇంజిరి, అతను నేర్పిందే.

అతను బతకలేదు రాజూ. నలభై ఆరో సంవత్సరం మొదట్లో పోయాడు. ఇక్కడే మిలిటరీ సమాధుల తోటలో ఉన్నాడు. వాళ్ళమ్మ పేరు ఇబిసో. నేను ఒకసారి జాబు రాశాను, జవాబు రాలేదు. చేరిందో లేదో తెలియదు.

నువ్వు బుగుమకు ఒకసారి పోయి రాగలవా? ఆమె ఉందో లేదో చూస్తే చాలు.

అక్క

---

పోర్ట్ హార్కోర్ట్
3 జూన్ 1956

అక్కకు,

నేను పోలేను. ఏమని పోవాలి? మా అక్క మీ అబ్బాయికి నర్సు అని చెప్పాలా? పదేళ్ళ కిందట పోయిన మనిషి సంగతి ఇప్పుడు తవ్వితే ఆ తల్లికి ఏమి మేలు?

ఇంకోటి. అడగకూడదు గాని అడుగుతున్నాను. అతను నీకేమవుతాడు? వచ్చిన సంబంధాలన్నీ ఎందుకు కాదన్నావో అమ్మకూ నాకూ ఎన్నడూ తెలియలేదు. నువ్వు ఇట్లా పరాయి దేశం సిపాయి పక్కన కూర్చుని మాటలు చెప్పుకుంటున్నావని నాయినకు తెలిసి ఉంటే కాలు విరగ్గొట్టి ఇంట్లో కూర్చోబెట్టేవాడు. నాయిన మనసు ఎట్లాంటిదో నీకు తెలియదా? మగ్గం గుంట దిగననిన నేరానికి నాతో మాటలే మానేశాడు. నేను బొంబాయికి బయలుదేరిన రోజు గడప దాటుతుంటే తల ఎత్తలేదు. మగ్గంలో నాడె ఆడిస్తూనే ఉన్నాడు. ఆఖరికి నేను ఓడ మీద ఉండగానే పోయాడు. లేగోస్‌లో దిగాక చేతిలో టెలిగ్రాం పెట్టారు. అప్పటికి కర్మ కూడా అయిపోయింది, చిన్నాన్న చేశాడు. నేను ఎవరి దగ్గర ఏడవాలి? బస్తాలు దింపించాను ఆ రోజు.

నాకు ఆ గుడ్డ మీద, దాని వాసన మీద, ఏమీ ప్రేమ లేదు. నన్ను బలవంతపెట్టకు.

యతిరాజులు

---

చింతాద్రిపేట
1 జూలై 1956

తమ్ముడూ,

నీ జాబుకు వెంటనే జవాబు రాయలేకపోయాను. కోపం వచ్చి కాదు. ఒక మాట చెప్పాలా వద్దా అని.

నాయినకు తెలిసి ఉంటే కాలు విరగ్గొట్టేవాడని రాశావు. నాయినకు తెలుసు. నాయిన ఆవడికి వచ్చాడు.

మూట సంగతి జరిగిన సాయంత్రం ఇంటికి వచ్చి మగ్గం దగ్గర కూర్చుని చెప్పాను. "నాయినా, మా ఆసుపత్రిలో ఒకడు నీ గుడ్డ గుర్తుపట్టినాడు" అన్నాను.

నాడె ఆపలేదు. "గుర్తుపట్టేదేముండాది. యాడనో కొట్లో చూసుంటాడు."

"లేదు నాయినా. ఆఫ్రికా వాడు. వాసన చూసి ఏడ్చినాడు."

మగ్గం ఆగింది. తర్వాత, "ఏ ఎరుపు? ముదురుదా, లేతదా?" అని అడిగాడు.

ఆదివారం ఉతికిన పంచె కట్టుకుని, భుజం మీద ఒక నిండు గుడ్డ మడతపెట్టి వేసుకుని నాతో రైలెక్కాడు. వార్డు గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. విడవక్కర్లేదని చెప్పినా వినలేదు. దగోగో లేచి కూర్చున్నాడు. నాయిన గుడ్డ అతని ఒళ్ళో పెట్టాడు. అతను అంచు వెంట బొటనవేలు పోనిచ్చి ఒకచోట ఆగాడు. "ఈ సన్న నీలం గీత ఉన్నది మా అమ్మ దగ్గర ఉంది. పండగకే తీస్తుంది" అన్నాడు. నేను తెలుగులో చెప్పాను.

నాయిన ఇనప స్టూలు మీద కూర్చున్నాడు. "ఆ గీత నేను వేసిందే. మా నాయిన వేసేవాడు కాదు" అన్నాడు. తర్వాత వరసగా అడిగాడు. మీ అమ్మ ఎట్టా కడుతుంది? రెండు కడుతుంది, ఒకటి పొడుగ్గా, దాని మీద ఒకటి పొట్టిగా. నువ్వు పుట్టినప్పుడు? దీంట్లోనే చుట్టింది. ఉతికితే రంగు దిగుతుందా? దిగదు, మెత్తబడుతుంది. నాయిన నావైపు తిరిగి అన్న మాట నేను ఇప్పటికీ మరవలేదు.

"ఏమ్మే, ఇన్నాళ్ళూ నేను నేసింది సేటు గోడౌనుకి పోతుందనుకుంటి. ఒకరి ఇంట్లోకి పోతుందని ఎవురూ చెప్పలా."

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు. నేను దుబాసీని. కొన్నిసార్లు నన్ను చెప్పనివ్వకుండా వాళ్ళే మాట్లాడుకునేవాళ్ళు. ఈయన తెలుగు, అతను వాళ్ళ భాష. ఎట్లా అర్థమయ్యేదో నాకు తెలియదు. తన తోటివాళ్ళందరూ హార్బరులో ఓడెక్కి వెళ్ళిపోయిన రోజు దగోగో మళ్ళీ గోడవైపు తిరిగాడు. ఆ రోజు ఆదివారం కాదు. నాయిన మగ్గం వదిలి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని వీపు నిమిరాడు. మనల్ని అట్లా నిమిరిన గుర్తు నాకు లేదు.

ఒక ఆదివారం దగోగో తమ ఊళ్ళో మనిషి పోతే ఏమి చేస్తారో చెప్పాడు. ముందుగదిలో మంచం వేసి, ఇంట్లో అమ్మమ్మల కాలం నుంచి దాచిన ఇంజిరి గుడ్డలతో దాన్ని అలంకరిస్తారు. ఇంటివాళ్ళంతా చుట్టూ కూర్చుంటారు. అట్లా పడక వేస్తేనే పోయినవాళ్ళు పెద్దల్లో కలుస్తారట. "నాకు ఇక్కడ ఎవరు వేస్తారు" అని అడిగాడు, నవ్వుతూనే. నేను ఆ మాట తెలుగులో చెప్పలేకపోయాను. నాయిన చెప్పమనలేదు. ఇంటికి వచ్చి కొత్త పడుగు కట్టాడు. ఆర్డరు ఎవరిదని నువ్వు అడిగావు కూడా. ఒకరిదిలే అన్నాడు. గుర్తుందా?

దగోగో పోయిన రోజు ఆ గుడ్డ పరిచింది నాయినే. వార్డు బాయ్ అడ్డం వచ్చాడు. ఇంగ్లీషు మేట్రను ఒకామె ఉండేది, ఆమె వాణ్ణి పక్కకు పొమ్మని తనూ నిలబడి చూసింది. అతన్ని అందులోనే చుట్టి తీసుకుపోయారు. తిరిగి రైల్లో వస్తూ నాయిన, "వాళ్ళమ్మకి ఎవురు చెప్తారు?" అన్నాడు. పేట దగ్గరికి వచ్చాక ఇంకో మాట అన్నాడు. అది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

"రాజుకి చెప్పబాక. వానికి మగ్గమంటే నవ్వులాట. నన్ను చూసి నవ్వితే ఓర్చుకుంటా. ఆ పిలగాణ్ణి తలుచుకుని నవ్వితే ఓర్చుకోలేను."

అతను నాకేమవుతాడని అడిగావు. ఏటా ఒకసారి సమాధుల తోటకు పోతాను. తోటమాలి కూడా అదే అడుగుతాడు. మా నాయిన స్నేహితుడని చెబుతాను. అది నిజమే. అంతకు మించి నా దగ్గర మాట లేదు, ఉన్నా ఇప్పుడెందుకు?

వెళ్ళాలో వద్దో నీ ఇష్టం.

అలమేలు

---

పోర్ట్ హార్కోర్ట్
26 ఆగస్టు 1956

అక్కా,

బుగుమకు వెళ్ళి వచ్చాను.

నీ జాబు వారం రోజులు జేబులోనే పెట్టుకుని తిరిగాను. బోమ వచ్చి గుడ్డ విప్పి వాసన చూస్తుంటే నేనూ ఒక కొస పట్టుకుని చూశాను. మన ముందుగది, నాయిన చెమట, ముగ్గు తడి, అన్నీ వచ్చాయి. బోమ నా మొహం చూసి "ఎవరు పోయారు?" అని అడిగింది. చెప్పాను. ఆమెకు ఇబిసో అమ్మ తెలుసు. ఇద్దరిదీ పక్కపక్క పేటలు.

లాంచిలో పోయాము. నీళ్ళలోంచి వేళ్ళు పైకి లేచిన చెట్లు, బురద, కొంగలు. పోటు తీసిన కాలవ వాసన మన కూవం నది లాగే ఉంది. తీరా గట్టున దిగాక తిరిగి లాంచి వైపు చూశాను. బోమ చెయ్యి పట్టి నడిపించింది.

ఇబిసో అమ్మ అరుగు మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. బాగా ముసలిది, ఒక కన్నుకు పొర. బోమ వాళ్ళ భాషలో చెబుతుంటే చేతులు ఆగిపోయాయి. నీ జాబు ఆమెకు చేరలేదక్కా. సైన్యం వాళ్ళ కాగితం ఒకటే చేరింది. "ఇండియాలో జబ్బుచేసి చనిపోయాడు" అని ఒక్క వాక్యం. చూసినవాళ్ళు ఎవరూ వచ్చి చెప్పలేదు కాబట్టి ఆమె నమ్మలేదు. నమ్మకుండా పడక ఎట్లా వేస్తుంది? పదేళ్ళుగా ఆ ఇంట్లో దగోగో చనిపోయినవాడూ కాదు, బతికున్నవాడూ కాదు.

నన్ను దగ్గరికి కూర్చోబెట్టుకుని అడిగింది. "నువ్వు చూశావా?"

"నేను చూడలేదు. మా అక్క చూసింది. మా నాయిన చూశాడు" అన్నాను. నువ్వు రాసిందంతా మొదటి నుంచి చెప్పాను. మూట, నీలం గీత, ఆదివారాలు. ఆమె ఏడవలేదు. ప్రతి మాటా బోమతో రెండుసార్లు చెప్పించుకుంది. వీపు నిమిరిన సంగతి మూడుసార్లు.

"గుడ్డ ఎవరు పరిచారు?"

"మా నాయిన. ఆ గుడ్డ నేసిందీ ఆయనే."

"అయితే నా కొడుకు మనవాళ్ళ చేతుల్లోనే పోయాడు" అంది. గిన్నె పక్కకు జరిపి, "ఆయన ఉన్నాడా?" అంది. లేడన్నాను. "ఆయనకు పడక ఎవరు వేశారు? నువ్వేనా?"

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. నేను సముద్రం మీద ఉన్నానని చెప్పాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని ఉండిపోయింది. ఆమె వేళ్ళకు రొయ్యల ఉప్పునీళ్ళు. "వానలు తగ్గనీ. ఇద్దరికీ ఒకేసారి వేద్దాం. ఆ రోజుకు రా" అంది.

అమ్మకు ఎంతవరకు చెప్పాలో నువ్వే చూసుకో.

నీ తమ్ముడు

---

చింతాద్రిపేట
20 సెప్టెంబరు 1956

రాజూ,

అమ్మకు అంతా చెప్పాను. నాయిన ఆదివారాలు ఎక్కడికి పోయేవాడో తనకూ తెలియదట. భజన మఠానికి అనుకుందట. సాయంత్రం దీపం పెట్టి వచ్చి, "ఆ తల్లి పిలిస్తే పోకుండా ఉండబాక అని రాయి" అంది.

నా తరఫున కూడా నువ్వే కూర్చో.

అలమేలు

---

పోర్ట్ హార్కోర్ట్
16 డిసెంబరు 1956

అక్కా,

పోయిన శనివారం బుగుమలో నాయినకు పడక వేశారు.

ముందుగదిలో రెండు మంచాలు పక్కపక్కన వేశారు. ఊరి ఆడవాళ్ళు పొద్దుటి నుంచి పెట్టెల్లోంచి గుడ్డలు తెచ్చి, ఒక్కొక్కటీ మడిచి, విసనకర్రల్లా, పడవల్లా తీర్చి పరిచారు. కొన్ని ఎంత పాతవో, తాకితే వేలికి దారం తెలియదు. ఇబిసో అమ్మ తన పెట్టె తనే తెరిచింది. సన్న నీలం గీత ఉన్న గుడ్డ తీసింది. దగోగో మంచానికి అనుకున్నాను. నాయిన మంచం మీద వేసింది. "నా కొడుకు మీద ఆయన గుడ్డ ఉంది. ఆయన మీద ఇది ఉండాలి" అంది.

తర్వాత ఆమె మధ్యలో కూర్చుంది. నన్ను నాయిన మంచం కాళ్ళ దగ్గర కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. మాటలు తెలియవు. నడుమ నడుమ దగోగో పేరు వస్తోంది. కాసేపటికి "మునిరత్నం" అని వినపడింది. వాళ్ళ నోట అది వేరే రకంగా ఉంది, అయినా నాయిన పేరే. ఆ పేరు ఈ దేశంలో ఒకరు పలకగా వినడం నాకు అదే మొదలు. నేను మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చాను. ఎవరూ ఆపలేదు. ఎవరూ ఓదార్చలేదు కూడా. పక్కన కూర్చున్నవాళ్ళూ నాతోపాటు ఏడ్చారు, ఆయన్ను తెలిసినవాళ్ళలాగా.

మన ఇంట్లో కర్మ జరిగినప్పుడు నేను ఉండి ఉంటే ఇట్లా ఏడ్చేవాణ్ణి కాదేమో. మొగవాణ్ణని బిగబట్టుకుని పనులు చూసేవాణ్ణి.

మధ్యాహ్నం ఇబిసో అమ్మ ఇద్దరికీ తిండి పెట్టాలంది. దగోగోకు ఏమిష్టమో ఆమెకు తెలుసు, చేపతో ఏదో వండింది. నావైపు తిరిగి, "మీ నాయినకు ఏమిష్టం?" అని అడిగింది.

అక్కా, నాకు తెలియలేదు.

ఎంత ఆలోచించినా రాలేదు. ఆయన తింటుండగా నేను చూసిన గుర్తే లేదు. మనకు పెట్టాక, ఎప్పుడో, వంటింట్లో తినేవాడు. అందరూ నావైపు చూస్తున్నారు. "అన్నం" అన్నాను. తెల్లన్నం వండి ఆకులో పెట్టారు. ఒట్టి అన్నం. దాని పక్కన ఏమి పెట్టాలో చెప్పలేక తల వంచుకుని కూర్చున్నాను. నేను దుఃఖంతో మాట్లాడలేకపోతున్నానని వాళ్ళనుకున్నారు.

ఇబిసో అమ్మ బాగా నీరసించింది. ఇక నాకు భయం లేదు అంటోంది.

నీకు తెలిసే ఉంటుంది. నాయినకు ఏమిష్టం?

రాజు

---

చింతాద్రిపేట
8 జనవరి 1957

తమ్ముడూ,

నీ జాబు నిన్న వచ్చింది. వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని మొత్తం చదివాను. వాళ్ళు పాటలో నాయిన పేరు పలికిన చోట అమ్మ "ఆ ముక్క మళ్ళీ చదువు" అంది. చదివాను. పడక ఎట్లా ఉందో, మెత్తగా ఉందో లేదో అడిగింది. నువ్వు ఏడ్చావని చదివితే, "ఏడవనీ" అంది.

ఆఖరి మాట దగ్గరికి వచ్చి ఆగిపోయాను. రాజూ, నాకూ తెలియదు.

దగోగోకు వేరుశనగపప్పు నూరి చేసిన కూర ఇష్టమని నాకు తెలుసు. ఉప్పు తక్కువ, కారం ఎక్కువ. టీలో చక్కెర వద్దనేవాడు. పదకొండేళ్ళయినా మరవలేదు. నాయినతో ఒకే ఇంట్లో ముప్పై ఏళ్ళు ఉన్నాను. ఆయనకు ఏమిష్టమో నాకు తెలియదు. మనకు పెట్టి మిగిలింది తినేవాడు. గిన్నె అడుగున మాడిన అన్నం గీరుకుని, అందులో ఇంత మంచినూనె, ఉల్లిపాయ వేసుకుని తినేవాడు. మనకోసం మంచి అన్నం వదిలేస్తున్నాడని జాలిపడేదాన్ని. అడగాలని మాత్రం తోచలేదు.

అమ్మతో అదే అన్నాను. "పాపం, మాడు తిని బతికినాడు అమ్మా నాయిన."

అమ్మ పొయ్యి మీది గిన్నె దించి, మూత పెట్టి, నావైపు తిరిగింది.

"పాపం కాదు. ఆయనకి అదే ఇష్టం. పెళ్ళైన కొత్తలో నాతో చెప్పినాడు, ఎవురితోనూ అనబాక, నవ్వతారని. కావాలనే రోంత మాడ్చి పెట్టేదాన్ని. మీరెవురూ అడగలా. ఆయనా చెప్పలా."

అక్క,
అలమేలు